అఖిల ఎనిమిది పాటలు, సాయవ్వ కత్తెర

2023 దసరా సెలవులు. బాన్సువాడలో మా ఇంటి పై అంతస్తులో రెండు గదుల రికార్డింగ్ స్టూడియో. గొంతు గోడలకు తగిలి తిరిగి మైకులో పడకుండా లోపలి గది గోడలన్నిటికీ పాత బొంతలు వేలాడదీశాం. బయటి గదిలో కంప్యూటర్, స్పీకర్లు, ఒక మూల మా పాప ఉయ్యాల. పెళ్ళిళ్ళకు, బరాత్‌లకు సౌండ్ పెట్టడం మా ఆయన శ్రీకాంత్ పని. పాటలు రికార్డు చేయడం, మిక్సింగ్ చేయడం నా పని. మిక్సింగ్ అంటే విడివిడిగా పట్టిన గొంతు, డప్పు, కీబోర్డు ఏది ఎంత వినబడాలో అంత ఉంచి ఒక్క పాటగా కలపడం. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి ఇదేం పనని మా బంధువులు ఇప్పటికీ అడుగుతారు. కూరలో ఉప్పు చూడటం లాంటిదే, కాకపోతే చెవితో చూడాలి అని చెబుతాను.

అప్పుడు మా తన్వికి పది నెలలు. పది నెలలకు పిల్లలు ఏమేం చేయాలో ఒక పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. పట్టిక ప్రకారం తను పాకాలి. తను పాకేది కాదు. కూర్చుని, కూర్చున్నచోటి నుంచే జరిగేది. దానికి పట్టికలో గడి లేదు. రోజుకు రెండుసార్లు ఆ కాగితం ముందు నిలబడేదాన్ని.

అలాంటి రోజుల్లో అఖిల వచ్చింది. డోంగ్లి దగ్గరి పల్లె, పదిహేడేళ్ళు, హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్. వెనకాల వాళ్ళమ్మ సాయవ్వ, చంకలో చాట, భుజానికి సంచి. సాయవ్వ బీడీలు చుడుతుంది. ఎక్కడికి వెళ్ళినా పని వెంట తెచ్చుకుంటుంది.

"అక్కా, ఎనిమిది పాటలున్నయ్. అన్నీ నేనే రాసిన, నేనే కట్టిన. ఎనిమిది ఒక్కతాన రావాలె, ఆల్బం లెక్క."

మా వైపు ఆల్బం అంటే ఒక్క పాట. ఒక జంట, ఒక వరిచేను, పైనుంచి డ్రోన్, కింద డీజే దరువు. ఎనిమిది పాటలు ఎవరు వింటారు?

"ఒక్కటి మంచిది చూసి చేద్దాం చెల్లె," అన్నాడు శ్రీకాంత్.

"ఒక్క పాటల నేను సగమే ఉంట అన్నా," అంది అఖిల.

నోట్‌బుక్ చదివాను. జానపదం కాదు, సినిమా పాట కాదు. మాట్లాడకుండా పోయిన స్నేహితురాలి మీద ఒకటి, రీఛార్జి అయిపోయిన ఫోను మీద ఒకటి, హాస్టల్ పప్పు మీద ఒకటి. మొదటి పాట బస్ పాస్ మీద:

పాసు మీద ఫొటోల
నవ్వలేదు నేను
నవ్వితే నేనని
కండక్టరు నమ్మడని

చదువుతూనే నవ్వొచ్చింది. నా పాసు ఫొటో కూడా అలాగే ఉండేది.

నిజామాబాద్‌లో పాటల ఛానెల్ నడిపే నర్సింగ్ అన్నకు అఖిల అప్పటికే నోట్‌బుక్ ఫొటోలు పంపిందట. సెలవులు అయ్యేలోపు మంచిగా పాడి పంపిస్తే ఎనిమిదీ ఛానెల్‌లో పెడతానని ఆయన మాటిచ్చాడు. సెలవులు అయిపోతే అఖిల మళ్ళీ హాస్టల్‌కి. అక్కడ ఫోను ఉండదు, మార్చి పరీక్షల దాకా బయటికి రావడం ఉండదు. మా చేతిలో ఉన్నవి ఎనిమిది రోజులు.

గుమ్మంలో మాటలయ్యాక తల్లీకూతుళ్ళు లోపలికి రాబోతుంటే సాయవ్వ సంచిలోంచి పొగాకు వాసన గుప్పుమంది. నా కళ్ళు ఉయ్యాల వైపు వెళ్ళాయి.

"అమ్మా, ఏమీ అనుకోకండి. పొగాకు లోపలికి వద్దండీ. పాప ఉంది."

మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నారు. నేను ఇక్కడే పుట్టినా నా నోట్లో ఆ 'అండీ' పోలేదు.

"అండి గిండి ఎందుకు బిడ్డా," అంది సాయవ్వ. "పసిపిల్ల ఉన్న ఇంట్ల తంబాకు నేనే తియ్య. తంబాకు సంచి కింద గేటుకాడ పెడ్త. నేను మెట్ల మీద కూసోని ఆకు కత్తిరించుకుంట. నువ్వు నీ పని చూస్కో."

మొదటి రోజు అఖిలకు హెడ్‌ఫోన్స్ పెట్టి క్లిక్ ట్రాక్ వినిపించాను. క్లిక్ ట్రాక్ అంటే పాడేవాళ్ళ చెవిలో మాత్రమే వినబడే టిక్కు టిక్కు చప్పుడు. దాన్ని పట్టుకుని పాడితే తర్వాత ఏ వాయిద్యం కలిపినా అతుకుతుంది. మంచి గొంతు, శ్రుతి ఎక్కడా జారలేదు. కానీ రెండో లైనుకల్లా క్లిక్ ఒక దారి, అఖిల ఒక దారి. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అంతే. పదకొండు టేకులు, అంటే పదకొండుసార్లు ఒకే పాట. పదకొండోసారి కూడా ఆ పిల్ల కండక్టరు దగ్గరికి వచ్చేసరికి క్లిక్‌ను బస్సు దించేసింది.

"ఇంట్ల ఎట్ల పాడ్తవ్?" అని అడిగాడు శ్రీకాంత్.

"మంచిగనే పాడ్త అన్నా. అవ్వ తోడు. పోయిన ఎండకాలం సెలవుల్ల గీ పాటలన్నీ గట్లనే వచ్చినయ్. హాస్టల్ల మాత్రం ఒక్కటి గూడ రాలే, ఎందుకో."

ఆ మాట విన్నాను, వదిలేశాను. తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

ఐదో రోజుకు నేను అందరూ చేసే పని చేశాను. కంప్యూటర్‌లో పాట కింద నిలువు గీతలుంటాయి, వాటిని గ్రిడ్ అంటారు. గీతకు అటూ ఇటూ పడిన ప్రతి మాటనూ కత్తిరించి, లాగి, గీత మీద కూర్చోబెట్టాను. రెండు పాటలకు రెండు రోజులు పట్టింది. పాప నిద్రపోయిన గంటలన్నీ దానికే పోయాయి. లయ సూటిగా వచ్చింది. అఖిలను పిలిచి వినిపించాను.

పాట మొత్తం కదలకుండా విన్నది. "అక్కా, గిది నేనేనా?"

"నువ్వే."

"రేషన్ షాపు ముంగట లైన్ల నిలవడ్డట్టున్న."

ఆ రెండు పాటలే నర్సింగ్ అన్నకు పంపాం. సాయంత్రం ఫోను వచ్చింది. స్పీకర్‌లో పెట్టాను, అది నా రెండో తప్పు.

"పిల్ల రాసుడు మస్తుంది. పాడుడే రాదు. లయ లేదు. ఒక పని చేద్దాం, పాటలు నాకియ్యుండ్రి, మా కాడ పాడేటామె ఉన్నది, ఆమెతోని పాడిపిస్త. రాసినామె పేరు కింద వేస్త. ఎల్లుండి వరకు చెప్పుండ్రి."

అఖిల నోట్‌బుక్ మూసింది. ఏడవలేదు. "గా పాసు మీద ఫొటో నాది గదక్కా," అంది. "ఇంకొకామె ఎట్ల పాడ్తది?"

మెట్ల మీద నుంచి సాయవ్వ గొంతు: "ఏమాయె? పాస్ కాలేదా?"

"లయ లేదంట అవ్వా నాకు."

"ఎవడాడు అన్నది? పుట్టినప్పటి సంది చూస్తున్న, నీకు లేనిదల్లా సిగ్గొక్కటే."

ఇంకా రెండు రోజులు మిగిలాయి. మర్నాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టాం. రెండు టేకులు పోయాక పాప గుక్కపెట్టి ఏడ్చింది. రికార్డింగ్ ఆపకుండానే పాపను ఎత్తుకుని కిందికి పరిగెత్తాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఒళ్ళు వేడిగా ఉందేమోనని రెండుసార్లు థర్మామీటర్ పెట్టాను, లేదు. పళ్ళొస్తున్నాయేమోనని చిగుళ్ళు చూశాను, లేవు. ఆకలి, అంతే.

పైకి వచ్చి చూస్తే తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అఖిల హెడ్‌ఫోన్స్ తీసేసి వెళ్ళి మెట్ల మీద వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. కంప్యూటర్ మాత్రం రికార్డు చేస్తూనే ఉంది. మాది కండెన్సర్ మైకు, చీమ నడిచినా పట్టే రకం. ఆపుదామని మౌస్ పట్టుకున్నాను. తెర మీద వేవ్‌ఫామ్, అంటే చప్పుడు గీసిన బొమ్మ, వింతగా కనబడింది. పొడుగు గీతలు నాలుగు, చిన్న గీత ఒకటి. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒకటి. ఎవరో స్కేలు పెట్టి కొలిచి గీసినట్టు.

వెనక్కి జరిపి విన్నాను. కచ్, కచ్, కచ్, కచ్, తప్. కచ్, కచ్, కచ్, కచ్, తప్. దాని మీద అఖిల, మెల్లగా, ఎవరి కోసమూ కాకుండా, బస్ పాస్ పాట పాడుతోంది. అన్ని టేకుల్లో ఒక్కసారీ కుదరని 'కండక్టరు' సరిగ్గా వచ్చి దిగాల్సిన చోట దిగింది.

మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఇద్దరి చేతుల్లోనూ కత్తెరలు. బీడీలు చుట్టే తునికాకు మీద చిన్న రేకు ముక్క పెట్టి దాని చుట్టూ ఇద్దరూ ఒకే ఊపులో కత్తిరిస్తున్నారు. కింద ఒక కోత, పక్కన ఒకటి, పైన ఒకటి, రెండో పక్కన ఒకటి. నాలుగు కోతలు. ఐదోది కోసిన ఆకు చాటలో పడే చప్పుడు.

మేం కొత్త పాట తెరిచినప్పుడల్లా కంప్యూటర్‌లో ముందే సిద్ధంగా ఉంచుకున్న ఒక టెంప్లేట్ తెరుచుకుంటుంది. అందులో నాలుగు దెబ్బల లెక్క దానంతటదే ఉంటుంది, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పాటలన్నీ నాలుగే. దాన్ని మార్చాలని నాకు ఎప్పుడూ తోచలేదు. గడిలో నాలుగు తీసి ఐదు పెట్టాను. గ్రిడ్ గీతలు జరిగాయి. అఖిల మాటలన్నీ ఒక్కొక్కటీ వెళ్ళి గీత మీద వాలాయి. నేను ఏదీ కత్తిరించలేదు, లాగలేదు.

ఆ పిల్లకు లయ లేకపోవడం కాదు. మేం నాలుగు లెక్కపెడుతుంటే తను ఐదు పాడుతోంది.

"అఖిలా, పాటలు కట్టేటప్పుడు నువ్వేం చేస్తుండేదానివి?"

"ఏం చేస్త అక్కా, అవ్వకు ఆకు కత్తిరిస్త. చేతులు ఆకు మీద ఉంటయ్, పాట దానంతటదే వస్తది."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేం?"

"నువ్వు అడగలే గదా!"

శ్రీకాంత్ వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి కుదిరింది. "అరే, డీజే పాటల్ల పడి ఐదు వేళ్ళున్న సంగతే మర్చిపోయినం!"

ఆ పూట ఎనిమిది పాటలకూ లెక్కలు చూశాం. ఆరు ఐదులో ఉన్నాయి. హాస్టల్ పప్పు పాట మాత్రం మాకు తెలిసిన నాలుగు. ఇదెలా అని అడిగితే సాయవ్వే చెప్పింది: "గది ఆకు మీదిది గాదు, జొన్నరొట్టె కొట్టుకుంట పాడింది." ఎనిమిదోదానికి లెక్కే లేదు. అది పడుకుని పాడిన పాట.

ఇక అసలు తంటా. అఖిల ఒళ్ళో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ పాడితే లయ తప్పదు. కానీ కత్తెర చప్పుడంతా గొంతుతోపాటు మైకులో పడుతుంది. ఆకు కాస్త తడి తక్కువైతే పటపటమంటుంది. పాత కత్తెర మరీ గట్టిగా ఉందని శ్రీకాంత్ బజారుకు వెళ్ళి కొత్త కత్తెర తెచ్చాడు. సాయవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది బట్టల కత్తెర బిడ్డా. గీనితోని ఆకు కోస్తె ఆకు నవ్వుతది."

నాయిస్ రిడక్షన్ అని ఒక పద్ధతి ఉంది. పాటలో అక్కరలేని చప్పుడు ఏదో కంప్యూటర్‌కు కాస్త చూపిస్తే, అలాంటిదంతా వెతికి తుడిచేస్తుంది. నాకు అందులో చెయ్యి తిరిగింది. ఉయ్యాలలో పాప ఊపిరి కూడా లెక్కపెట్టే చెవులు కదా, ఏ చిన్న చప్పుడూ వదలను. కత్తెరను పూర్తిగా తుడిచి వినిపించాను. గొంతు అద్దంలా ఉంది. నాకు గర్వంగా కూడా ఉంది.

సాయవ్వ విని, "మంచిగున్నది. గని పిల్ల ఒక్కతే ఉన్నట్టుంది," అంది.

అఖిల నా వైపు చూసింది. తుడిచిందంతా వెనక్కి తెచ్చాను. డప్పు ఉండాల్సిన చోట డప్పు పెట్టలేదు, కత్తెరే ఉంచాం. శ్రీకాంత్ కీబోర్డు మీద కింద ఒక మెల్లని స్వరం పట్టాడు, అంతే. చివరి రెండు రోజుల్లో మిగతావన్నీ ఒక్కో టేకులో అయిపోయాయి. బస్ పాస్ పాటకు మళ్ళీ టేకు అక్కరలేకపోయింది. తలుపులు తెరిచి ఉన్నప్పుడు పడిందే ఉంచాం. దాని చివర సాయవ్వ మాట ఒకటి పడింది: "అయిందా బిడ్డా? లే, బస్సు పోతది." దాన్ని కోసేద్దామంటే అఖిల నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి అక్కా. నిజంగనే బస్సు పోతది గదా."

మా పాప సంగతి ఒకటి చెప్పడం మర్చిపోయాను. కత్తెర చప్పుడు మొదలైతే చాలు, తన్వి కూర్చున్నచోటి నుంచి జరుగుతూ జరుగుతూ లోపలి గది గుమ్మం దాకా వచ్చేది. కత్తెర అందుతుందేమోనని ఒక కన్ను అటే ఉంచేదాన్ని. పాకడం లేదని, నాకు భయంగా ఉందని సాయవ్వతో అన్నాను.

"పాకకుంటె ఏమైతది? చేరాల్సిన కాడికి చేరుతుంది గదా. గామె లెక్క గామెకున్నది."

ఆఖరి రోజు మధ్యాహ్నం పాటలన్నీ నర్సింగ్ అన్నకు పంపాం. ఫోను చేశాడు. ఈసారి స్పీకర్‌లో అఖిలే పెట్టింది.

"మంచిగనే ఉన్నయ్ గని, ఐదు దెబ్బలకు బరాత్‌ల ఎట్ల ఎగురుతరు? కాళ్ళు రెండే ఉంటయ్ గదమ్మా. దీన్ని నాలుగు చేసి, మా ఆమెతోని..."

"అన్నా," అంది అఖిల, "పాటలు నేనే పాడ్త. గిట్లనే పాడ్త. మీ ఛానెల్ల వద్దంటె వద్దు."

ఫోను కూడా తనే పెట్టేసింది. సాయవ్వ కొంగుతో కూతురి మొహం తుడిచి, "సిగ్గొక్కటే లేదనుకున్న, భయం గూడ లేదు దీనికి," అంది నాతో. ఆ సాయంత్రమే అఖిల పేరుతో కొత్త ఛానెల్ తెరిచి ఎనిమిదీ పెట్టాం. డ్రోన్ లేదు, జంట లేదు. చాటలో ఆకుల ఫొటో ఒకటి. మర్నాడు తను హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

మొదటి వారం విన్నది మేమూ, మా చుట్టాలే. నేను గంటకోసారి తెరిచి చూసేదాన్ని. రెండో వారంలో సాయవ్వ ఫోను చేసింది. చుట్టిన బీడీలు జమచేసే చోట ఆడవాళ్ళందరూ ఆ పాటలు పెట్టుకుంటున్నారట. "పాట పెడితె చెయ్యి ఉరుకుతుంది బిడ్డా. ఆకు తెల్వకుంటనే అయిపోతుంది." వాళ్ళ నుంచి ఫోన్ గ్రూపుల్లో మద్నూర్ వెళ్ళాయి, అక్కడి నుంచి రాష్ట్రం సరిహద్దు దాటాయి. అటునుంచి ఒకామె మరాఠీలో ఏదో మెసేజ్ పెట్టింది. తెలిసినవాళ్ళతో చదివించుకుంటే, మాటలు అర్థం కాలేదుగానీ కత్తెర అర్థమైందని రాసిందట.

పరీక్షలై అఖిల ఇంటికి వచ్చేసరికి ఆ పాటలను కాలేజీ పిల్లలు పట్టుకున్నారు. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడుతుంటే "అయిందా బిడ్డా? లే, బస్సు పోతది" అనడం బాన్సువాడ బస్టాండులో మామూలైపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఆడపిల్లలకు పాసే అక్కరలేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ ఫొటోలోనూ ఎవరూ నవ్వరు కాబట్టి పాటకు ఢోకా లేదు. ఒక బరాత్‌లో శ్రీకాంత్ సరదాకు ఆ పాట పెట్టాడట. కుర్రాళ్ళు మొదట ఒకరి మీద ఒకరు పడ్డారు. నాలుగోసారికి కిటుకు దొరికింది: నాలుగు అడుగులు, ఐదో దెబ్బకు ఉన్నచోటే కూలబడటం. పెళ్ళికొడుకు కూడా గుర్రం దిగి కూలబడ్డాడట.

ఆ నెలే నర్సింగ్ అన్న మా మెట్లెక్కి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, అటూ ఇటూ చూసి, "చెల్లె, గా ఐదు దెబ్బలది ఒకటి నాక్కూడ గావాలె," అన్నాడు. ఎవరు పాడాలి అని అడిగాను. "గా పిల్లనే," అన్నాడు.

ఆ తర్వాత మా దగ్గరికి సొంత పాటలతో వచ్చిన అమ్మాయిలు చాలామంది. జుక్కల్ నుంచి ఒకమ్మాయి కుట్టుమిషన్ తొక్కుతూ కట్టిన పాటలు తెచ్చింది. మిషన్‌ను పైకి మోయలేక శ్రీకాంత్ నడుము పట్టేసింది. ఇంకొకామె పాటలు బర్రె పాలు పిండుతూ కట్టింది. బర్రెను తేలేం కనుక మైకే కొట్టానికి వెళ్ళింది. ఎవరు వచ్చినా గొంతు వినకముందే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ పాట కట్టేటప్పుడు నీ చేతులు ఏం చేస్తున్నాయి?

ఎవరికైనా లయ లేదనే ముందు నేను ఏ లెక్కలో వింటున్నానో చూసుకోవాలి. అఖిల నేర్పింది అదే. ఎనిమిది పాటలు ఇంకొకరి గొంతులోకి వెళ్ళిపోయేవి, నా టెంప్లేట్‌లో ఒక్క గడి వల్ల. ఇప్పుడు మా టెంప్లేట్‌లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. పాడేవాళ్ళు వచ్చి కూర్చున్నాకే నింపుతాం.

తన్వి చివరిదాకా పాకలేదు. పదమూడో నెలలో ఒకరోజు, మమ్మల్ని చూడటానికి వచ్చిన సాయవ్వ కొంగు పట్టుకుని లేచి నిలబడి, తిన్నగా నడిచింది. నాలుగు అడుగులు వేసి కూలబడింది. ఫ్రిజ్ మీద కాగితం అప్పుడే తీసేశాను. కంగారు మాత్రం పోలేదు. ఇది రాస్తూ కూడా ఇప్పటికి మూడుసార్లు లేచి వెళ్ళి తన ఊపిరి విని వచ్చాను. బాగానే ఉంది. ఎన్ని దెబ్బలకోసారి వస్తోందో మాత్రం లెక్కపెట్టలేదు.